కచ్చా కళాయి

వేడినీళ్లలో కరిగిపోయే లోహం ఇప్పుడు పార్శిల్లో ఇంటికే వస్తుందట. మా వీధిలో ఇంజనీరింగ్ చదివే ఒకతను ఈమధ్య తెప్పించుకున్నాడు. స్టీలు గిన్నెలో కరిగించి, రబ్బరు అచ్చుల్లో పోసి బొమ్మలు చేసి నాకు చూపించాడు. "అంకుల్, ఇట్లాంటిది మీరెప్పుడన్నా చూసిన్రా?" అన్నాడు. చూశానన్నాను. అంతకంటే ఎక్కువ చెబితే అతని సరదా చెడిపోతుందని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఊరుకోలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నాను. చేతిలో ఏదో ఒక ఇష్టమైన పని ఉన్న పడుచువాళ్లు చదివితే మంచిదే. చదవకపోయినా నాకు పోయేదేమీ లేదు, పోవలసింది ఎప్పుడో పోయింది.

డెబ్బైల చివర్లో వరంగల్లులో ఒక బట్టల మిల్లులో ఫిట్టరుగా చేరాను. మిల్లంటే మీకు మగ్గాలూ, బట్ట తానులూ గుర్తొస్తాయి. మా సెక్షన్ వాళ్లకు గుర్తొచ్చేది నిప్పు. దూది బేళ్లు విప్పి, మరలో వేసి దులిపి, దుమ్ము తీసే చోటును బ్లో రూం అంటారు. అక్కడ గాలి నిండా దూదే. బేలులో చిన్న ఇనుప ముక్క ఉండి, అది మర పళ్లకు తగిలి రవ్వ పుట్టిందంటే చాలు. అందుకని అక్కడ కప్పు పొడుగునా నీళ్ల పైపులు, వాటికి వరసగా ఇత్తడి స్ప్రింక్లర్లు ఉండేవి. ఒక్కో స్ప్రింక్లరు నోటిని ఒక చిన్న రేకుల జత మూసి ఉంచుతుంది. ఆ రెండు రేకులను పట్టి ఉంచేది పెసరగింజంత లోహం. కింద మంట లేస్తే ఆ వేడికి లోహం కరుగుతుంది, రేకులు ఊడిపోతాయి, నీళ్లు కురుస్తాయి. ఎవరూ గంట కొట్టనక్కర్లేదు, ఎవరూ వాల్వు దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. కరగవలసిన వేడికి కరగాలి, దాని ఉద్యోగం అదొక్కటే.

ఆ పైపులన్నిటికీ పెద్ద మా ఉస్తాద్. ఫిట్టర్లలో పెద్దవాడని మిల్లులో అందరూ అట్లాగే పిలిచేవారు, మేనేజరుతో సహా. ఆయన తండ్రి మరిపెడ దిక్కు ఊళ్లు తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసిన మనిషి. కొలిమి పొగలో పుట్టి పెరిగిన ఉస్తాద్‌కు తెల్లగా మెరిసి కరిగేదల్లా కళాయే. టంకం వేసే మామూలు సరుకును పక్కా కళాయి అనేవాడు. స్ప్రింక్లర్లలో ఉండే దాన్ని కచ్చా కళాయి అనేవాడు. సైన్సు పుస్తకాల్లో దానికి ఏదో దొరగారి పేరు ఉందని తరవాత తెలిసింది. మిల్లులో మాత్రం ఉస్తాద్ పెట్టిన పేరే నడిచింది.

"కచ్చా అంటె తక్వ అనుకునేవు బేటా. పక్కాది మొండి ఘటం, చాయ్ పోసినా సమ్జయితలేదంటది. కచ్చాది మనిషి లెక్క. జర ఉడుకు తాకంగనే ఇడుస్తది" అని నేను చేరిన మొదటి వారమే చెప్పాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నన్ను అంత ప్రేమగా బేటా అని పిలిచిన పై ఉద్యోగి అంతకుముందు లేడు, ఆ తరవాతా లేడు.

తుప్పుపట్టి తీసేసిన పాత స్ప్రింక్లర్లు స్క్రాపు షెడ్డులో ఒక గోనెసంచి నిండా ఉండేవి. వాటిని వేడినీళ్ల గిన్నెలో వేసి ఆడిస్తే అడుగున వెండి చుక్కలు చేరేవి. అట్లా రోజుకు కొన్ని చొప్పున పోగేస్తే ఒక జర్దా డబ్బా నిండింది. స్టోరు గుమాస్తా చూసీ చూడనట్టు ఉండేవాడు, ఎందుకంటే ఆయన తాళాల గుత్తికి మొదటి ఏనుగు బొమ్మ చేసిచ్చింది మేమే. ఆ డబ్బా ఉస్తాద్‌కూ నాకూ ఉమ్మడి ఆస్తి. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టగానే టిఫిన్ డబ్బాలు గబగబా ఖాళీ చేసి, పంపుహౌసు వెనక మెట్ల కింద చేరేవాళ్లం. క్యాంటీన్ నుంచి ఒక కెటిల్ వేడినీళ్లు వచ్చేవి. మా కొలిమి అంతే.

ఏం చేశామని అడగండి. వేపాకు మీద పోస్తే ఆకు మాడదు, ఈనెలతో సహా అచ్చు దిగుతుంది. సబ్బుబిళ్లను గోరుతో తొలిచి పోస్తే చేప వచ్చేది, నెమలి వచ్చేది. నచ్చకపోతే మళ్లీ వేడినీళ్లలో వెయ్యడమే. తప్పు చేస్తే ఇంత సులువుగా క్షమించే వస్తువును నేను మరొకటి చూడలేదు. ఒకసారి ఉస్తాద్ ఇంట్లో నమాజుకు ముందు వజూ చేసుకునే లోటాకు, నీళ్లు పోసే కొమ్ము విరిగింది. సన్నటి ఇత్తడి గొట్టాన్ని ఉత్తగా వంచితే నొక్కుకుపోతుంది. ఆయన గొట్టం నిండా కచ్చా కళాయి పోసి, చల్లారనిచ్చి, మోకాలి మీద పెట్టి మెల్లగా వంచాడు. తరవాత కెటిల్లో ముంచి పైకి తీస్తే లోపలిదంతా జారిపోయి, కొమ్ము హంస మెడలాగా నున్నగా మిగిలింది. ఆ రోజు ఇంటికి పోయి మా అమ్మకు ఆ సంగతి మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆమె "ఇగ తిను బిడ్డా, సల్లారిపాయె" అంది.

అన్నిటికంటే పేరొచ్చింది చెంచాతో. మిల్లుకు కొత్తగా వచ్చినవాళ్లకు క్యాంటీన్‌లో చాయ్, దానితోపాటు మేం పోసిన చెంచా ఇచ్చేవాళ్లం. కలుపుతూ కలుపుతూ ఉండగా చేతిలో కాడ మిగిలేది. ఆ మొహాలు చూడాలి! నవ్వి నవ్వి అలిసిపోయాక ఉస్తాద్ లేచి ఆ గ్లాసును తనే మోరీలో పారబోసేవాడు. "సీసమున్నది దీంట్ల. కడుపులకు పోతె దవాఖాననే దిక్కు" అని ఇంకో చాయ్ తన లెక్కలో ఇప్పించేవాడు. అందులో సీసం కంటే చెడ్డవి కూడా ఉంటాయని మాకప్పుడు తెలియదు. మీకు తెలుసు కాబట్టి తిండి దగ్గరికి దాన్ని తేకండి.

ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కావాలి. చిన్నపాటి ఇల్లు కట్టుకున్నాను, పిల్లలు బాగున్నారు, అన్నానికి లోటు లేదు. అయినా ఒంటిగంట కొట్టగానే ఇప్పటికీ నా చెవులు ఎవరో కెటిల్ తెస్తున్న చప్పుడు కోసం ఎదురుచూస్తాయి. ఉస్తాద్ వేళ్ల చివర్లు కాలికాలి గట్టిపడి ఉండేవి. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో వేలు ముంచి చెప్పేవాడు, "ఇంకో నిమిషం" అనేవాడు. ఆ ఇంకో నిమిషం ఎవరైనా ఇస్తే తీసుకుందామని ఉంటుంది.

ఇక అసలు విషయం. పాడైన స్ప్రింక్లరును అతికించి మళ్లీ వాడకూడదు, కొత్తది బిగించాలి. కానీ కొత్తవి ఎక్కడో బొంబాయి నుంచి రావాలి, ఇండెంటు పెట్టి నెలలు గడిచినా వచ్చేవి కావు. అందుకని మా దగ్గర ఒక వాడుక ఉండేది. ఊడినవాటి రేకులను ఉస్తాదే కచ్చా కళాయితో అతికించేవాడు. దానికి ఆయన కట్టడి ఒకటే. "మూడు కావాల్నంటె నాలుగు చెయ్యాలె. నాలుగోది ఉడుకు నీళ్లల్ల ఎయ్యాలె. అది ఇడిస్తెనే మిగిలినయి పైకెక్కాలె." పరీక్షకు పోగా ఒకటి తక్కువ పడినా సరే, అది చేయకుండా ఆయన నిచ్చెన ఎక్కేవాడు కాదు.

ఉస్తాద్‌కు శత్రంజ్ పిచ్చి. పంపుహౌసు గచ్చు మీద సుద్దతో గళ్లు గీసి, నట్లు బంట్లుగా, బోల్టులు గుర్రాలుగా పెట్టి ఆడేవాడు. రాజు ఒక విరిగిన వాల్వు పిడి. ఒక చలికాలం ఆయన కూతురు కాన్పుకని పదిహేను రోజులు సెలవు పెట్టి డోర్నకల్ పోయాడు. అల్లుడికి అక్కడే రైల్వేలో పని. ఆయన వచ్చేలోపల అసలైన ఆటసామాను చేసి పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. దవాఖానలో విరిగిన చేతులకు కట్లు కట్టే కాంపౌండరును బతిమాలి ఇంత ప్లాస్టరు తెచ్చి, అచ్చులు చేశాను. పోయడం మొదలుపెడితే పదకొండు బొమ్మలకే డబ్బా అడుగు కనబడింది. కావలసినవి ముప్పై రెండు.

నేను చేసిన పని ఇక్కడ దాచకుండా చెప్పాలి. డబ్బాలో ఉన్నదానికి ఇంత పక్కా కళాయీ, పాత కేబుల్ మీది సీసమూ కలిపాను. పోసిన పదకొండూ మళ్లీ కరిగించి అందులోనే వేశాను, అన్నీ ఒక్క రంగులో ఉండాలని. ఇంట్లో స్టవ్వు మీద బాగా కాచవలసి వచ్చింది కానీ, బొమ్మలు దిట్టంగా, అందంగా వచ్చాయి. మిగిలిన లోహాన్ని తెచ్చి మళ్లీ జర్దా డబ్బాలోనే వేశాను. ఉస్తాద్ మొహం ఎట్లా వెలుగుతుందోనన్న ధ్యాసలో ఉన్నాను, డబ్బాలో ఉన్నది ఇక కచ్చా కాదన్న ఆలోచనే రాలేదు.

ఉస్తాద్ ఇంకా సెలవులో ఉండగానే, ఎవరో పెద్ద అధికారులు చూడ్డానికి వస్తున్నారని బ్లో రూంకు సున్నం వేయించారు. సున్నం వేసేవాళ్ల వెదుర్లు తగిలి మూడు స్ప్రింక్లర్ల రేకులు కదిలి నీళ్లు కారడం మొదలైంది. అసిస్టెంట్ ఇంజనీరు కొత్తగా కాలేజీ నుంచి వచ్చినవాడు, మంచివాడే, తొందర మనిషి. పైపు వాల్వు మూయించి, మరలు ఆపించి, నా నెత్తిమీద నిలబడ్డాడు. "రెండు గంటల్లో అయితదా?" అన్నాడు. "అయితది సార్" అన్నాను. ఆ మూడింటినీ జర్దా డబ్బాలోని లోహంతో అతికించాను. టంకం పెట్టే కడ్డీని మేం కాపు అనేవాళ్లం. ఉస్తాద్ ఎప్పుడూ దాన్ని నీళ్లలో ముంచి చల్లబరిచి, తగిలీ తగలనట్టు తాకించేవాడు. నేను ఎర్రగా కాల్చిన కాపు పెట్టాను. అంత వేడికి ఏదైనా కరుగుతుంది, కచ్చాదో పక్కాదో కాపు చెప్పదు. నాలుగోది చేసి నీళ్లలో వేద్దామంటే రేకులు కదిలినవి మూడే. గోనెసంచిలోంచి ఇంకొకటి వెతికి తెచ్చే ఓపిక లేకపోయింది. బిగించాను, వాల్వు తిప్పించాను, కారలేదు. అసిస్టెంట్ ఇంజనీరు నా భుజం తట్టాడు. ఆ రోజంతా నేను గర్వంగా తిరిగాను.

ఉస్తాద్ మిఠాయి డబ్బాతో వచ్చాడు, మనవరాలు పుట్టిందని. అన్నాల గంటలో క్యాంటీన్ బల్ల మీద నేను ముప్పై రెండూ వరసగా పేర్చాను. ఆయన ఒక్కొక్కదాన్నీ ఎత్తి, తిప్పి, పెట్టాడు. ఏనుగు దగ్గర ఆగి "తొండం గుడ పెట్టినవ్ రా బేటా" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లలో ఎవరో "ఉస్తాద్, చాయ్‌ల ఏసి సూపెట్టున్రి" అన్నారు. ఆయన నవ్వి, ఒక బంటును పొగలు కక్కే గ్లాసులో వేశాడు.

బంటు కరగలేదు. అడుగున నిలబడే ఉంది.

"ఉస్తాద్ మీద మర్లపడ్డది!" అని ఒకడు, "చాయ్ సల్లారింది" అని ఇంకొకడు. అందరూ ఒకటే నవ్వు. ఉస్తాద్ పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు తెప్పించి అందులో వేశాడు. అప్పుడూ అంతే. నేను కూడా నవ్వుతూ, సరిపోక సీసమూ టంకమూ కలిపానని గొప్పగా చెప్పాను. "అచ్చా, నువ్వు కచ్చాను పక్కా చేసినవన్నట్టు" అన్నాడాయన, ఇంకా నవ్వుతూనే.

ఆ మాట పూర్తి కాకముందే నాకు బ్లో రూం కప్పు గుర్తొచ్చింది. ఆయన మొహంలోకి చూశాను. ఆయనకు ఏమీ తెలియదు, మూడు స్ప్రింక్లర్లు అతికించిన సంగతి ఎవరూ ఇంకా చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉండవలసింది. నోరు మెదపలేదు. చెబితే ఉద్యోగం పోతుందని భయం ఒకటి, ఆయన చేతిలో ఆ ఏనుగు ఉండగా చెప్పలేకపోవడం ఒకటి. ఆదివారం మిల్లు ఆగినప్పుడు చాటుగా మార్చేద్దాంలే అనుకున్నాను. అది గురువారం. ఆ మధ్యాహ్నమూ, సాయంత్రమూ బ్లో రూం నడిచింది. నేను ఇంటికి పోయి అన్నం తిన్నాను కూడా.

శుక్రవారం పొద్దున్న షిఫ్టు మొదలవగానే కాళ్లు బ్లో రూంకే తీసుకుపోయాయి. అక్కడ నా దోస్తు ఒకడు పని చేసేవాడు, రోజూ ధర్మసాగర్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. వాడు బేళ్లు విప్పే చోటు, నేను అతికించిన మొదటి స్ప్రింక్లరు సరిగ్గా ఒకదాని కింద ఒకటి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తల నిండా దూదితో వాడు నన్ను చూసి నవ్వాడు.

"ఏందే, పొద్దుపొద్దుగాల మీదికి సూస్తానవ్? నా నెత్తి మీద ఏమన్న వడ్తదా?"

"ఏం పడది" అన్నాను. నిజమే, అక్కడ మంట లేచినా ఏమీ పడదు. ఆ మాట అన్నాక ఇక నిలబడలేకపోయాను.

పంపుహౌసులో ఉస్తాద్ ఒక వాల్వుకు తాడు చుడుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన చేతిలోని తాడు పక్కన పెట్టాడు.

"ఎన్ని?"

"మూడు."

"ఎప్పుడు ఎరుకయ్యింది?"

"నిన్న. చాయ్‌ల ఏసినప్పుడు."

ఆయన నా మొహం వంక చూసిన చూపు ఇప్పటికీ నాతో ఉంది. కోపం కాదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తరవాత లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా అసిస్టెంట్ ఇంజనీరు గదికి నడిచాడు, నేను వెనకాల.

"బ్లో రూం బంద్ వెట్టాలె సార్, ఇప్పుడే."

అసిస్టెంట్ ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. బ్లో రూం ఆగితే మధ్యాహ్నానికి నూలు మరలకు దూది అందదు, మేనేజరుకు ఈయన జవాబు చెప్పుకోవాలి. "ఎల్లుండి ఆదివారమే కదా ఉస్తాద్, అప్పుడు చూడొచ్చు కదా" అన్నాడు.

"ఆదివారం దాక నిప్పు ఆగుతదా సార్? మీరు దానికి కాయితం రాసిన్రా?"

మరలు ఆగాయి. అంత పెద్ద గదిలో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోతే చెవులు నొప్పెట్టాయి. పనివాళ్లంతా గోడ పక్కకు జరిగి నిలబడ్డారు. రెండు స్ప్రింక్లర్లు ఎక్కడున్నాయో నాకు గుర్తుంది, మూడోది గుర్తులేదు. ఆ రోజు హడావుడిలో పైన ఎటు ఎక్కానో, ఎటు దిగానో. ఇప్పుడు చూస్తే సున్నం చుక్కలు పడి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఉస్తాద్‌కు రిటైరుమెంటు ఏడాదిలోపే ఉంది, మోకాళ్ల నొప్పులు. "నేనెక్కుత ఉస్తాద్" అన్నాను. "నువ్వు కింద వట్టుకో" అన్నాడు. బేటా అనలేదు.

ఒక్కొక్క స్ప్రింక్లరు దగ్గరికీ నిచ్చెన జరపడం, ఆయన ఎక్కడం, గుడ్డతో సున్నం తుడిచి రేకు అంచున నా అతుకు ఉందేమో చూడటం, దిగడం. ఎన్నిసార్లు ఎక్కి దిగాడో లెక్క పెట్టలేదు. నేను నిచ్చెన కాళ్లు పట్టుకుని ఆయన పాదాలు చూస్తూ ఉన్నాను. మధ్యలో రెండుసార్లు మెట్టు మీదే ఆగి ఊపిరి తీసుకున్నాడు. చివరికి దుమ్ము లాగే గొట్టం వెనక, ఎవరికీ కనబడని మూల మూడోది దొరికింది.

మూడింటినీ ఊడదీసి, క్యాంటీన్ నుంచి మరుగుతున్న కెటిల్ తెప్పించాడు. అందరూ చూస్తుండగా అందులో వేసి మూత పెట్టాడు. కొంతసేపటికి పైకి తీశాడు. రేకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. నా ధర్మసాగర్ దోస్తు ముక్కు గుడ్డ కిందికి లాగి, ముందుకొచ్చి చూశాడు.

"ఇదా, నా నెత్తి మీదున్నది?"

వాడు నా వంక చూడలేదు, అదే నయమనిపించింది.

వాటి బదులు బిగించడానికి కొత్తవి లేవు. ఉస్తాద్ నేరుగా ఆఫీసు వరండాకు పోయి, అక్కడి కప్పుకు ఉన్న మంచి స్ప్రింక్లర్లు మూడు ఊడదీయించాడు. గుమాస్తాలు లబోదిబోమన్నారు. "కాయితాలు కాల్తె మల్ల రాసుకోవచ్చు" అని ఒక్కటే మాట అన్నాడు. సాయంత్రానికి బ్లో రూం నడిచింది.

విచారణలో ఆయన దేన్నీ దాచలేదు. అతికించే వాడుక తనదేనని, నేర్పింది తనేనని, పరీక్ష చేయకుండా బిగించింది నేనని, తెలిసి ఒక రోజు దాచింది కూడా నేనేనని చెప్పాడు. నాకు రెండు వారాలు సస్పెన్షన్ ఇచ్చారు. అతికించి వాడటం ఆ రోజుతో బంద్. మా సరదా సంగతి బయటపడి డోర్నకల్ దాకా పాకింది. పైవాళ్లు గట్టిగా ఉత్తరాలు రాస్తే కొత్త స్ప్రింక్లర్లు కొద్ది నెలల్లోనే వచ్చాయి. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో ఆ బొంబాయివాళ్లకే తెలియాలి.

సస్పెన్షన్ అయిపోయి పనిలోకి పోయిన రోజు ఉస్తాద్ ఆటసామాను ఉన్న అట్టపెట్టె నా ముందు పెట్టాడు. "తీస్కపో" అన్నాడు.

"తప్పయింది ఉస్తాద్."

"కలిపినందుకు నాకు ఫికర్ లేదు. చేతుల పనన్నంక తప్పులైతయ్. ఒక దినమంత ఆ మనుషులను దాని కింద నిలవెట్టి, నువ్వు ఊకున్నవ్ సూడు. గదే నాకు మింగుడువడ్తలేదు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తరవాత పనిమాటలు తప్ప మా మధ్య మరో మాట లేదు. "ఫిట్టర్, గా స్పానరియ్యి" అనేవాడు. అన్నాల గంట కొడితే ఆయన ఒక దిక్కు, నేను ఒక దిక్కు. నాకూ పౌరుషం వచ్చింది. నేనే వచ్చి చెప్పాను కదా, చెప్పకపోతే ఎవరికి తెలిసేదని లోపల లోపల రగిలేవాణ్ని. ఇప్పుడు ఆ పౌరుషం తలుచుకుంటే సిగ్గేస్తుంది. రిటైరైన రోజు దండ వేసుకుని ఆయన అందరికీ చెయ్యిచ్చాడు. నాకూ ఇచ్చాడు, అందరికీ ఇచ్చినట్టే. తరవాతి వారమే కూతురి దగ్గరికి డోర్నకల్ వెళ్లిపోయాడు. డోర్నకల్ ఎంత దూరమని? పొద్దున బండి ఎక్కితే మధ్యాహ్నానికి ఆయన ఇంట్లో ఉండొచ్చు. ఎన్నో ఆదివారాలు స్టేషను దాకా పోయాను, ఆ బండి కదిలి పోయేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి వెనక్కి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని పోను? కుదిరినప్పుడు పోదాంలే అనుకుంటూ ఏళ్లు గడిపాను.

ఎనభైల మధ్యలో, ఆ సెక్షన్‌కు నేనే మేస్త్రీగా ఉన్నప్పుడు, ఒక పొద్దున బ్లో రూంలో నిజంగానే నిప్పు లేచింది. బేలులో ఏదో ఇనుప ముక్క. నేను పరుగెత్తి పోయేసరికి లోపల వాన కురుస్తోంది. పొగ, ఆవిరి, తడిసిన దూది. మనుషులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు, అందరూ వచ్చారు. చివరగా మా ధర్మసాగర్ దోస్తు వచ్చాడు, ఒళ్లంతా తడి దూది అంటుకుని. ఆ ఉదంతం తరవాత మూడేళ్లపాటు నాతో సరిగా మాట్లాడనివాడు, వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరమూ ఏడ్చామో నవ్వామో తెలియదు. నీళ్లు ఇంకా కురుస్తున్నాయి. ఆ నీళ్ల కింద నిలబడి నాకు ఒకటే అనిపించింది, ఇది ఉస్తాద్‌కు చెప్పాలి. ఎవరికి చెప్పినా అది చెప్పినట్టు కాదు.

ఆ ఆదివారం బండి ఎక్కాను.

రైల్వే క్వార్టర్స్‌లో కూతురు తలుపు తీసింది. నా పేరు చెబితే పోల్చుకుంది. లోపలికి పిలుస్తూ గొంతు తగ్గించి, "కండ్లు పోయినయన్నా. మతి గుడ సగం సగమే ఉంటాంది. ఏం అనుకోకున్రి" అంది. ఉస్తాద్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు.

"అబ్బాజాన్, వరంగల్ మిల్లు నుంచి ఒకాయన వచ్చిండు" అని ఆమె గట్టిగా చెప్పింది.

"మిల్లు నుంచా? కూసో, కూసో" అన్నాడు గాలిలోకి చెయ్యి చాపి. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"నేను, ఉస్తాద్. ఫిట్టర్ని" అని నా పేరు చెప్పాను.

"అచ్చా, అచ్చా" అన్నాడు మర్యాదగా. ఆ మర్యాద వినగానే నాకు అర్థమైంది.

నిప్పు సంగతి మొదటి నుంచీ చెప్పాను. వింటూ వింటూ నిటారుగా కూర్చున్నాడు.

"ఎన్ని తెరుసుకున్నయ్?"

"నాలుగు, ఉస్తాద్."

"నిప్పు మీద ఎన్ని ఉండె?"

"నాలుగే."

"మనుషులు?"

"అందరు బయట వడ్డరు. ఒక్కనికి గుడ ఏం కాలే."

ఆయన పెదాలు కదిలాయి, దువా చేసుకుంటున్నాడనుకుంటాను. తరవాత నా చెయ్యి దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వు మల్ల మిల్లుకే పోతవు గద? నా కింద ఒగడు పని చేసెటోడు. మంచి చెయ్యి ఆనిది. నేనే ఆనితోని మాట బంద్ వెట్టుకున్న. ఆడే వచ్చి చెప్పిండు, ఎవలు చెప్తరు గట్ల? ఆనికి చెప్పు ఈ ముచ్చట. ఖుష్ అయితడు."

కూతురు నా వంక చూసి ఏదో చెప్పబోయింది. నేనే ముందుకు వంగి, "ఉస్తాద్, నేనే ఆడు" అన్నాను.

"అచ్చా, అచ్చా" అని నా చెయ్యి తట్టాడు. "యాది మర్వకు. కోపమేం లేదని చెప్పు. ఒక్కసారి వచ్చి పొమ్మను."

"వస్తడు ఉస్తాద్" అన్నాను.